చదువుకున్నవారి అగ్రిమెంటు ఎవరు చదువుతారు?

ఉత్తర తెలంగాణ బతుకుదెరువు గురించి అడిగితే కరీంనగర్ ప్రాంతపు పెద్దలు ఇప్పటికీ బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు మాటల్లో జవాబు చెబుతారు. సింగరేణి గనుల్లో పని దొరకనివారు బొంబాయి, భివండి బాట పట్టగా, 1973 తరువాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో రోడ్లు, భవనాలు, ఓడరేవుల నిర్మాణం ఊపందుకున్న కాలం నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ, నిర్మల్, ఖానాపూర్ పల్లెల కూలీలూ నేతపనివారూ అరబ్బు దేశాలకు వెళ్లడం మొదలైంది. ఈ ఊళ్లన్నీ 2016 అక్టోబరు వరకు కరీంనగర్, ఆదిలాబాద్ అనే రెండు జిల్లాల్లోనే ఉండేవి. జిల్లాలు విడిపోయి పేర్లు మారినా వలస దారి మారలేదు, వలసపోయేవారి చదువు మాత్రం మారింది. గల్ఫ్‌లో తాపీపని చేసి, గొర్రెలు కాసి, ట్రక్కులు నడిపి తండ్రులు పంపిన పైసలతో చదువుకున్న పిల్లలు డిగ్రీ, బీఎడ్, ఎంఏ ఇంగ్లిషు పూర్తిచేసి, ఊరి దగ్గరి ప్రైవేటు ఇంగ్లిషు మీడియం బడుల్లో వచ్చే జీతంతో ఇల్లు గడవక, దుబాయి, షార్జా, రియాద్, దోహా నగరాల్లో సీబీఎస్‌ఈ పాఠ్యక్రమం నడిచే భారతీయ పాఠశాలల్లో ఇంగ్లిషు చెప్పే ఉద్యోగాల వైపు చూస్తున్నారు. భారతీయ ఉపాధ్యాయులు దశాబ్దాలుగా పనిచేస్తున్న మాల్దీవుల బడులు, ఇంకా తూర్పున థాయిలాండ్, దక్షిణ కొరియా కూడా వారి ఆలోచనల్లో ఉంటున్నాయి.

ఇలాంటి ఉద్యోగాలన్నిటికీ ఆధారం ఒకటే కాగితం. ఉద్యోగ ఒప్పంద పత్రమని చట్టంలో రాసినా జనం దాన్ని అగ్రిమెంటు అనే అంటారు. వేలిముద్ర వేసి చట్టబద్ధంగా వెళ్లిన తండ్రి అగ్రిమెంటును విమానం ఎక్కకముందు ఒక ప్రభుత్వ అధికారి అయినా తిరగేసి చూసేవారు. ఎంఏ ఇంగ్లిషు చదివిన కూతురి అగ్రిమెంటును సంతకం చేసే ఆమె తప్ప ఇంకెవరూ చూడరు. చదువు వచ్చినవారు తమ మంచిచెడ్డలు తామే చూసుకోగలరన్న నమ్మకం మీద ఈ ఏర్పాటు నిలబడి ఉంది. ఆ నమ్మకం సరైనది కాదు. తండ్రుల తరం ఏ షరతుల దగ్గర దెబ్బతిన్నదో, అవే షరతులు మంచి ఇంగ్లిషులో, మర్యాదైన మాటల్లో ఉపాధ్యాయుల అగ్రిమెంట్లలోనూ కనిపిస్తాయి గనుక, యాభై ఏళ్ల కూలీల అనుభవమే ఇప్పటి టీచర్లకు అన్నిటికన్నా పనికొచ్చే పాఠ్యపుస్తకం.

చట్టం ఎవరిని చూస్తుంది

1922 నాటి పాత చట్టం స్థానంలో వచ్చిన 1983 వలస చట్టం ప్రకారం, పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టు ఈసీఆర్ కోవలోకి వస్తుంది. ఈసీఆర్ అంటే, గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్, లిబియా, థాయిలాండ్ వంటి 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవలసినవారని అర్థం. ఈ అనుమతి ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, అంటే వలసదారుల సంరక్షకుడు, అంటారు. ఆ కార్యాలయం ఒకటి హైదరాబాద్‌లో ఉంది. విదేశీ యజమాని, ఏజెంటు, కార్మికుడు ముగ్గురి వివరాలూ ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై, అగ్రిమెంటు, వీసా, ప్రవాసీ భారతీయ బీమా యోజన పాలసీ సరిచూసిన తరువాతే అనుమతి వస్తుంది. ఈ బీమాకు రెండేళ్లకు కట్టవలసిన ప్రీమియం, పన్ను కాక, 275 రూపాయలు. ప్రమాదంలో మరణించినా శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపి ఈ తనిఖీ మొత్తాన్నీ తప్పించే ఏజెంట్లు పల్లెల్లో ఉన్న మాట నిజమే గాని, తనిఖీ అంటూ ఒకటి ఉండడం వల్ల కూలీకి ఒక ఆసరా ఏర్పడింది.

పదో తరగతి దాటినవారికి ఈ అనుమతి అక్కర్లేదు. అంతే కాదు, చట్టం రెండో సెక్షన్‌లో పని అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో కూలిపని, ఇంటిపని, హోటల్ పని, డ్రైవరు, మెకానిక్, ఆఫీసు అసిస్టెంటు, అకౌంటెంటు, టైపిస్టు, సేల్స్‌మన్, నర్సు వరకు పేర్లు ఉన్నాయి గాని ఉపాధ్యాయుల పేరు లేదు. నర్సుల నియామకాల్లో లక్షల రూపాయల దోపిడీ బయటపడిన తరువాత 2015లో కేంద్రం వారి విషయంలో ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చి, ఎంత చదువుకున్నవారైనా ఆ 18 దేశాలకు ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని నిర్ణయించింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌కు ఆ బాధ్యత దక్కింది. ఉపాధ్యాయులకు అటువంటి ఏర్పాటు జరగలేదు. చదువుకున్నవారు కూడా ఈ-మైగ్రేట్‌లో పేరు నమోదు చేసుకోవడం 2019 జనవరి 1 నుంచి తప్పనిసరి అని ప్రకటించిన విదేశాంగ శాఖ, 2018 నవంబరులోనే ఆ నిర్ణయాన్ని నిలిపివేయడంతో నమోదు ఐచ్ఛికంగా మిగిలిపోయింది. ఐచ్ఛికమైనా నమోదు చేసుకుని వెళ్లడమే మంచిది, ఎందుకంటే ఆపద వచ్చిన రోజున రాయబార కార్యాలయానికి ఆ మనిషి ఎక్కడ, ఎవరి దగ్గర పనిచేస్తున్నారో తెలిసే దారి అది ఒక్కటే కావచ్చు.

కూలీల కోసం రాసిన 1983 నాటి నిబంధనల్లో అగ్రిమెంటులో తప్పక ఉండవలసిన అంశాలు చెప్పారు. పని కాలం, పని చోటు, జీతం, తిండి లేదా తిండి భత్యం, ఉచిత వసతి, పని గంటలు, ఓవర్‌టైమ్, సెలవులు, యజమాని ఖర్చుతో రాకపోకల విమాన టికెట్టు, వివాదం వస్తే పరిష్కరించుకునే పద్ధతి, ఇవి కాక మరణిస్తే భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదన్న మాట. పాఠశాలలు పంపే ఆకర్షణీయమైన ఆఫర్ లెటర్లను ఈ కూలీ జాబితా పక్కన పెట్టి చూస్తే, అందులో సగం అంశాలు కనబడవు. ముఖ్యంగా ఆ చివరి మాట చదువుకున్నవారి కాగితాల్లో అరుదు. అపశకునమని దాన్ని అడగడానికి కుటుంబాలు వెనకాడతాయి గాని, శంషాబాద్ విమానాశ్రయం నుంచి శవపేటిక కోసం వారాలూ నెలలూ ఎదురుచూసిన ఇళ్లు జగిత్యాల, సిరిసిల్ల జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఈ ప్రాంతపు మనిషి ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

రెండు కాగితాలు, రెండు భాషలు

గల్ఫ్ వలసలో అన్నిటికన్నా పాత మోసం అగ్రిమెంటు మార్పిడి. ఇక్కడ చూపించిన కాగితంలో ఒక జీతం, ఒక పని ఉంటాయి. అక్కడ దిగిన తరువాత అరబ్బీలో ముద్రించిన ఇంకో కాగితం ముందు పెడతారు, అందులో వేరే జీతం, వేరే పని ఉంటాయి. అప్పటికే అప్పుచేసి, ఇల్లు వదిలి, సముద్రం దాటి వచ్చిన మనిషి సంతకం పెట్టక ఏం చేస్తాడు? అరబ్బీ ప్రతికీ ఇంగ్లిషు ప్రతికీ తేడా వస్తే అరబ్బీ ప్రతే చెల్లుతుందని ఆ దేశాల చట్టాలు చెబుతాయి గనుక, ఇంగ్లిషులో ఎంత పట్టున్న ఉపాధ్యాయురాలైనా ఆ అరబ్బీ కాగితం ముందు నిరక్షరాస్యురాలే అవుతుంది.

ఈ మోసాన్ని అరికట్టడానికి యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2016లో ఒక పద్ధతి తెచ్చింది. ఉద్యోగి స్వదేశంలో ఉండగానే ప్రభుత్వ నమూనాలో ఆఫర్ లెటర్ మీద సంతకం చేయాలి, అది ఆ దేశ కార్మిక మంత్రిత్వ శాఖలో నమోదు కావాలి, తరువాత చేసుకునే అగ్రిమెంటు దానికి భిన్నంగా ఉండకూడదు. ఉద్యోగికి అర్థమయ్యే భాషలో ఇవ్వడం కోసం అరబ్బీ, ఇంగ్లిషులతో పాటు హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం, నేపాలీ, సింహళం, చైనీస్, దరి భాషల్లో ఆ నమూనాలు సిద్ధం చేశారు. ఆ పదకొండింటిలో తెలుగు లేదు. లక్షల మంది తెలుగువారు పనిచేసిన దేశంలో ఇలా జరగడం బాధాకరం. ఇక్కడి ప్రభుత్వాలు గట్టిగా అడిగి ఉండవలసిన విషయం ఇది. సౌదీ అరేబియాలో కూడా అగ్రిమెంట్లను కివా అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసి, ఉద్యోగి అక్కడే తన అంగీకారం తెలిపే పద్ధతి వచ్చింది. అందువల్ల పాఠశాల లెటర్‌హెడ్ మీద వచ్చిన అందమైన ఉత్తరాన్ని అగ్రిమెంటుగా భావించరాదు. ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైన ప్రతి ఏది, దాని నంబరు ఎంత, రెండింటిలో జీతం అంకెలు ఒకటేనా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబును దాచుకోవడం మొదటి పని.

వీసా కూడా అగ్రిమెంటులో భాగమే అనుకోవాలి. పాఠశాల పేరు, వీసా ఇప్పించిన సంస్థ పేరు, అగ్రిమెంటు మీద ఉన్న యజమాని పేరు మూడూ ఒకటి కాకపోతే అక్కడే ఆగాలి. కఫాలా అంటే విదేశీ ఉద్యోగి నివాసపు హక్కును కఫీల్ అనే స్థానిక యజమానికి ముడివేసే పద్ధతి. దాన్ని కొన్ని దేశాలు ఇటీవల సడలించాయి. 2020లో ఖతార్ ఉద్యోగం మారడానికి పాత యజమాని అనుమతి అక్కర్లేదని ప్రకటించగా, 2021 మార్చి నుంచి సౌదీ ఏడాది తరువాత మారే వీలు కల్పించింది. అయినా కఫీల్ ఒకరు, పని చేయించుకునేవారు ఇంకొకరు అయితే ఏ సడలింపూ అక్కరకు రాదు. ఆజాద్ వీసా పేరుతో ఎక్కడైనా పని చేసుకోవచ్చని నమ్మి వెళ్లి, అకామా, అంటే నివాస గుర్తింపు కార్డు, గడువు తీరి, ఖల్లివల్లి, అంటే అనుమతి లేని నివాసి, అయి, అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించే రోజు కోసం దాక్కుని బతికినవారు ఈ జిల్లాల్లో ప్రతి మండలంలోనూ ఉన్నారు. విజిట్ వీసా మీద రండి, బడిలో చేరాక మారుద్దాం అని టీచర్లకు చెప్పే మాట దీనికి తోబుట్టువు. పని అనుమతి లేకుండా తరగతిలో అడుగుపెట్టడం ఆ దేశంలో నేరం, పట్టుబడితే నష్టపోయేది టీచరే. దుబాయిలో అయితే ప్రైవేటు బడులను పర్యవేక్షించే నాలెడ్జ్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్ అథారిటీ ఆమోదం కూడా ఉపాధ్యాయ నియామకానికి అవసరం. ఆ ఆమోదానికి ఎవరు దరఖాస్తు చేస్తారో, రాకపోతే వచ్చిన ఖర్చు ఎవరిదో ముందే రాయించుకోవాలి.

భర్త గల్ఫ్‌లో ఉండగా కుటుంబ వీసా మీద వెళ్లి అక్కడి బడుల్లో చేరే స్త్రీల సంగతి కొంచెం వేరు. వారి నివాసం భర్త వీసా మీద ఆధారపడి ఉంటుంది కాబట్టి బడి యాజమాన్యాలు టికెట్టు, వసతి, కొన్నిచోట్ల బీమా కూడా ఎగ్గొట్టి తక్కువ జీతం చూపుతాయి. వీసా భర్తదైనా పని అనుమతి మాత్రం బడి తీసుకోవలసిందే.

జీతం అనే ఒక్క అంకె

ఆఫర్ లెటర్‌లో అందరి కళ్లూ మొత్తం జీతం మీద పడతాయి. చూడవలసింది ఆ మొత్తం ఎలా విడిపోయిందో. గల్ఫ్ అగ్రిమెంట్లలో జీతాన్ని బేసిక్ అనే మూల వేతనంగా, వసతి, రవాణా తదితర భత్యాలుగా విడగొడతారు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాచ్యుటీ, అంటే సేవాకాలపు ముగింపు సొమ్ము, బేసిక్ మీదే లెక్కిస్తారు: ఏడాది పూర్తిచేసినవారికి మొదటి అయిదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజుల బేసిక్. ఇద్దరు టీచర్లకు నెలకు 3,500 దిర్హాములే జీతం అనుకుందాం. ఒకరి అగ్రిమెంటులో బేసిక్ 2,100, ఇంకొకరి అగ్రిమెంటులో 1,000. మూడేళ్లు పనిచేసి ఇంటికి బయలుదేరిన రోజున మొదటివారికి 4,410 దిర్హాములు, రెండోవారికి 2,100 దిర్హాములు వస్తాయి. ప్రతి నెలా బ్యాంకులో పడిన జీతం ఒకటే అయినా, అగ్రిమెంటు మీద సంతకం చేసిన నాడే రెండోవారు సగానికి పైగా గ్రాచ్యుటీ వదులుకున్నారు. తక్కువ బేసిక్ రాయడం చట్టవిరుద్ధం కాదు. అందుకే దాన్ని ఏ కోర్టూ తరువాత సరిచేయదు. బేరం ఆడవలసిన అంకె బేసిక్.

సౌదీలో లెక్క వేరు. అక్కడ మొదటి అయిదేళ్లకు ఏడాదికి అర నెల జీతం, తరువాత ఏడాదికి ఒక నెల జీతం ఇస్తారు గాని, ఉద్యోగి తానుగా రాజీనామా చేస్తే రెండేళ్ల లోపు ఏమీ రాదు, రెండు నుంచి అయిదేళ్ల మధ్య అందులో మూడో వంతు, అయిదు నుంచి పదేళ్ల మధ్య మూడింట రెండు వంతులు మాత్రమే వస్తుంది. ఒప్పంద కాలం పూర్తయి వెళ్లడానికీ మధ్యలో రాజీనామా చేయడానికీ మధ్య ఇంత తేడా ఉంటుంది కాబట్టి, ఇబ్బంది పెట్టి ఉద్యోగి చేతనే రాజీనామా రాయించుకునే యజమానులు ఉంటారని గుర్తుంచుకోవాలి. ఖాళీ కాగితం మీదగాని, తేదీ లేని రాజీనామా మీదగాని సంతకం పెట్టమంటే దాని అర్థం అదే.

కూలీల విషయంలో కనీసం ఒక హద్దు ఉంది. భారత ప్రభుత్వం ఒక్కో దేశానికి, ఒక్కో పనికి కనీస సూచిత వేతనం నిర్ణయిస్తుంది. దానికంటే తక్కువ రాసిన అగ్రిమెంటుకు అనుమతి ఇవ్వకూడదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు ఆ వేతనాలను 30 నుంచి 50 శాతం వరకు తగ్గించినప్పుడు, తెలంగాణ వలస కార్మికుల పక్షాన హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది, 2021 జులైలో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. ఉత్తర తెలంగాణ వలసదారుల తరఫున పోరాడినవారు సాధించిన ఈ విజయం గురించి రావలసినంత చర్చ రాలేదు. అయితే ఇంగ్లిషు టీచరుకు ఇలాంటి కనీస హద్దు ఏదీ లేదు. దోహా బడి ఇచ్చే జీతం తక్కువో ఎక్కువో తేల్చుకోవడానికి ఆమె చేతిలో ఉన్న కొలత, 2021 మార్చి నుంచి ఖతార్ అందరికీ వర్తింపజేసిన కనీస వేతనం మాత్రమే: నెలకు 1,000 రియాళ్లు, యజమాని తిండి పెట్టకపోతే ఇంకో 300, వసతి ఇవ్వకపోతే ఇంకో 500.

బడి అగ్రిమెంటులోని మెలికలు

టీచర్లకే ప్రత్యేకమైన కొన్ని మాటలు కూలీల అనుభవంలో దొరకవు. వారానికి ఎన్ని పీరియడ్లు అన్నది అందులో మొదటిది. పని గంటలు వారానికి 48 అని చట్టంలోని గరిష్ఠ పరిమితినే రాసి, పీరియడ్ల సంఖ్య రాయని అగ్రిమెంటు కింద, బస్సు డ్యూటీ, రానివారి బదులు తరగతులు, సెలవు రోజుల్లో శిక్షణలు, నోటుపుస్తకాల దిద్దుబాటు అన్నీ ఆ 48 గంటల్లోకే వస్తాయని యాజమాన్యం వాదించవచ్చు. జూనియర్ తరగతులకని పిలిచి సీనియర్ తరగతులు, ఇంగ్లిషుకని పిలిచి సామాజిక శాస్త్రం కూడా అప్పగించడం ఇక్కడి ప్రైవేటు బడుల్లోనూ తెలిసిన విషయమే. తరగతుల స్థాయి, సబ్జెక్టు, గరిష్ఠ పీరియడ్లు మూడూ అంకెల్లో, మాటల్లో ఉండాలి.

ఎండాకాలపు జీతం రెండోది. గల్ఫ్ భారతీయ బడుల్లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై, జులై, ఆగస్టు నెలల్లో వేసవి సెలవులు వస్తాయి. అగ్రిమెంటు పన్నెండు నెలలకా, పది నెలలకా? సెలవు నెలలకు పూర్తి జీతమా, బేసిక్ మాత్రమేనా? ఇంటికి వచ్చే టికెట్టు ఏడాదికోసారా, రెండేళ్లకోసారా, డబ్బు రూపంలోనా, టికెట్టు రూపంలోనా? సెలవులకు ఊరికి వచ్చిన టీచరు తిరిగి వెళ్లకపోతే ఆ రెండు నెలల జీతం వెనక్కి ఇవ్వాలా? ఈ ప్రశ్నలకు జవాబు లేని కాగితం అసంపూర్ణం.

మధ్యలో వదిలేస్తే ఏమవుతుందన్నది అన్నిటికన్నా బరువైన షరతు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్, అంటే పరీక్షా కాలం, ఆరు నెలలకు మించకూడదు. ఆ కాలంలో దేశం విడిచి వెళ్లాలన్నా, యజమాని తీసేయాలన్నా 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి, అదే దేశంలో వేరే బడికి మారాలంటే నెల ముందు చెప్పాలి. ప్రొబేషన్ తరువాత నోటీసు కాలం 30 నుంచి 90 రోజుల మధ్య ఉండాలి. సౌదీలో పరిస్థితి కఠినం: అగ్రిమెంటులో వేరే పరిహారం రాసుకోకపోతే, సరైన కారణం లేకుండా గడువుకు ముందే వదిలేసినవారు మిగిలిన కాలపు జీతాన్ని అవతలి పక్షానికి చెల్లించవలసి రావచ్చు, అది రెండు నెలల జీతానికి తగ్గదు. యజమాని తీసేసినా ఇదే సూత్రం వర్తిస్తుంది గనుక, ఇరుపక్షాలకూ ఒకే పరిహారం రాశారా, లేక ఉద్యోగికి ఎక్కువ, యజమానికి తక్కువ రాశారా అని చూడడం అవసరం. ఈ ఒక్క వాక్యాన్ని నాలుగుసార్లు చదివినా ఎక్కువ కాదు.

సర్టిఫికెట్ల విషయంలో రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ఒరిజినల్ డిగ్రీ, పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోవడాన్ని ఎమిరేట్స్ చట్టం నిషేధిస్తుంది, కాబట్టి భద్రత కోసం అని అడిగినా ఇవ్వనవసరం లేదు. రెండోది ధ్రువీకరణ. కాకతీయ విశ్వవిద్యాలయం నుంచో, 2008లో కరీంనగర్‌లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయం నుంచో పొందిన పట్టాను విదేశంలో గుర్తించాలంటే రాష్ట్రంలోనూ, తరువాత విదేశాంగ శాఖలోనూ ముద్ర వేయించాలి. అపోస్టిల్ అనే అంతర్జాతీయ ధ్రువపత్రాన్ని ఒప్పుకునే దేశాలకు ఆ ముద్రతో పని ముగుస్తుంది. ఒమన్, బహ్రెయిన్‌లతో పాటు 2022 డిసెంబరు నుంచి సౌదీ కూడా ఆ కోవలో చేరింది. మిగతా దేశాలకు రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. ఈ ఖర్చు వేలల్లో ఉంటుంది గనుక బడి తిరిగి ఇస్తుందా అని అడగాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, పెళ్లయ్యాక భర్త ఇంటిపేరు ఇంకోచోట అన్నట్టుండే తెలుగు స్త్రీల పేర్లు ఈ దశలోనే చిక్కు తెస్తాయి; అగ్రిమెంటులో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి.

గల్ఫ్ దాటి తూర్పు వైపు వెళ్లేవారి మాట క్లుప్తంగా చెప్పుకోవచ్చు. దక్షిణ కొరియా ఇంగ్లిషు టీచరు వీసాను ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న ఏడు దేశాల పౌరులకే సాధారణంగా ఇస్తుంది. భారతీయులకు 2010లో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం కింద సహాయ ఉపాధ్యాయులుగా ఇరుకైన దారి ఒకటి ఉంది. థాయిలాండ్ బడుల్లో పని అనుమతితో పాటు ఖురుసపా అనే ఉపాధ్యాయ మండలి లైసెన్సుగాని తాత్కాలిక మినహాయింపుగాని కావాలి. ఇవేవీ ప్రస్తావించకుండా బ్యాంకాక్‌కు టికెట్టు పంపే ఆఫర్లను అసలు ముట్టుకోకూడదు. థాయిలాండ్‌లో మంచి ఉద్యోగమని చెప్పి సరిహద్దు దాటించి మయన్మార్‌లోని మ్యావడీ ప్రాంతపు సైబర్ మోసాల శిబిరాల్లో పడేసినవారిలో 549 మంది భారతీయులను 2025 మార్చిలో రెండు విమానాల్లో వెనక్కి తీసుకొచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఆ శిబిరాలకు ఇంగ్లిషు బాగా రాయగలవారే కావాలి.

పైసలు, పత్రాలు, తిరుగు దారి

వలస చట్టం కింద నమోదైన ఏజెంటు ఒకరి నుంచి తీసుకోదగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 35,400. పల్లెల్లో ఇచ్చే మొత్తం లక్ష దాటిపోవడం, దానికి నూటికి రెండు, మూడు రూపాయల మిత్తి కట్టడం అందరికీ తెలిసిందే. ఎమిరేట్స్, సౌదీ చట్టాల ప్రకారం నియామక ఖర్చు భరించవలసింది యజమాని. ఏజెంటు నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతికితే కనబడాలి. కనబడకపోతే కరీంనగర్ బస్టాండు ఎదురుగా ఎంత పెద్ద బోర్డు పెట్టుకున్నా ఆ కన్సల్టెన్సీకి పైసలు ఇవ్వకూడదు. ఇచ్చిన ప్రతి రూపాయికీ రసీదు, లేదా బ్యాంకు ద్వారా చెల్లింపు ఉండాలి, ఎందుకంటే పోలీసు స్టేషన్లో కేసు నిలబడేది ఆ ఆధారం మీదే.

అగ్రిమెంటు, వీసా, పాస్‌పోర్టు, బీమా పాలసీ ప్రతులు ఇంట్లో చదువు వచ్చిన ఒకరి దగ్గర, వారి ఫోన్‌లోనూ ఉండాలి. 2015లో మొదలైన మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలన్నా, ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800113090కు ఫోన్ చేయాలన్నా, గల్ఫ్‌లో మరణించినవారి కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించిన 5 లక్షల రూపాయల సాయం కోరాలన్నా మొదట అడిగేవి ఆ కాగితాలే. పోయినవారి ఫోన్‌లోనే అన్నీ ఉండిపోయి, ఇంటివారికి కంపెనీ పేరు కూడా తెలియని స్థితి ఇక్కడి ఇళ్లలో మళ్లీ మళ్లీ ఎదురవుతోంది.

వివాద పరిష్కారం గురించి అగ్రిమెంటులో ఉండే చివరి పేరాను చాలామంది చదవరు. కరోనా కాలంలో, 2020 మే నుంచి ప్రభుత్వం నడిపిన వందేభారత్ విమానాల్లో తిరిగి వచ్చిన వలసదారుల్లో చాలామంది నెలల జీతం, గ్రాచ్యుటీ అక్కడే వదిలేసి వచ్చారు. ఇంటికి చేరాక ఆ దేశపు కార్మిక కోర్టులో దావా నడిపే దారి వారికి దొరకలేదు. ఎమిరేట్స్‌లో ఉద్యోగం ముగిసిన నాటి నుంచి రెండేళ్ల వరకు బకాయిల కోసం దావా వేయవచ్చని 2024లో చట్టాన్ని సవరించారు. ఆ రెండేళ్లూ ఉపయోగపడాలంటే, దేశం విడిచేముందే అక్కడ నమ్మకమైన ఒకరికి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహరించే అధికార పత్రం, రాసిచ్చి రావాలి; లెక్క తేలకుండా బకాయిలన్నీ ముట్టాయన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. వెళ్లేటప్పుడు చదివిన ఆ చివరి పేరాలో ఏ దేశపు చట్టం, ఏ ఊరి కోర్టు అని రాసి ఉందో, ఆ అధికార పత్రం అక్కడ చెల్లేలా ఉండాలి.